మే ఎండలో కొలిచిన లెక్క డిసెంబరుకు చెల్లుతుందా?

హైదరాబాదు నుంచి ముంబై రోడ్డు పట్టుకుని జహీరాబాదు దాకా వెళ్ళి కుడివైపుకు తిరిగితే బీదరు. 1956లో రాష్ట్రాల సరిహద్దులు మారేదాకా జహీరాబాదు, నారాయణఖేడ్ తాలూకాలు కూడా ఆ జిల్లాలోవే. ఇప్పుడు ఆ పాత చుట్టరికానికి కరెంటు తీగలు తోడవుతున్నాయి. బీదరులో తలపెట్టిన 2,500 మెగావాట్ల సౌర విద్యుత్ మండలం కోసం అక్కడ 765/400 కేవీ సబ్‌స్టేషన్, అక్కడి నుంచి మన మహేశ్వరం దాకా 765 కేవీ లైను కేంద్ర ప్రణాళికలో చేరాయి. 2021 జూలై నుంచి 2024 జూన్ దాకా కేంద్రంలో నవ్య, పునరుత్పాదక ఇంధన శాఖ సహాయమంత్రిగా ఉన్న భగవంత్ ఖూబా అప్పటి బీదరు ఎంపీయే. ఇంత పెద్ద పని వస్తున్న జిల్లాలో ఇంజనీరింగ్ పిల్లలు సోలారు మీదా, గోబర్ గ్యాసు మీదా, చెరకు పిప్పి మీదా ప్రాజెక్టులు చేయడం సహజమే. బీదరులో 1980 నాటి గురునానక్ దేవ్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. భాల్కిలో భీమన్న ఖండ్రే ఇన్‌స్టిట్యూట్ ఉంది. కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం కేంద్రం కూడా బీదరే.

ప్రాజెక్టు చేయడం ఒక పని. దాన్ని ఆ విషయం తెలిసిన నలుగురి ముందు పెట్టి, వాళ్ళు అడిగిన ప్రశ్నకు నిలబడడం ఇంకో పని. ఈ రెండోదాన్ని మన కాలేజీలు నేర్పేది తక్కువ. నేర్పినా స్లైడ్లు ఎన్ని ఉండాలి, అక్షరం ఎంత పెద్దదుండాలి అన్న దగ్గరే ఆగిపోతుంది. పునరుత్పాదక ఇంధనంలో అసలు చిక్కు వేరు. ఈ రంగంలో ప్రతి ఫలితమూ ఒక చోటుకు, ఒక రుతువుకు కట్టుబడి ఉంటుంది. ఆ కట్టు ఎక్కడిదాకానో చెప్పగలిగిన ప్రజెంటేషనే సమీక్షలో నిలుస్తుందని నా నమ్మకం. మిగతావన్నీ దాని తర్వాతే.

ముందుగా ఈ సమీక్షలు ఎలా ఉంటాయో చూద్దాం. కర్ణాటకలో విద్యార్థికి మొదట ఎదురయ్యేది రాష్ట్ర శాస్త్ర సాంకేతిక మండలి, అంటే అందరూ కేఎస్‌సీఎస్‌టీ అనే సంస్థ, నడిపే స్టూడెంట్ ప్రాజెక్ట్ ప్రోగ్రాం. బెంగళూరులో ఐఐఎస్‌సీ ప్రాంగణం నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా నడుస్తోంది. గైడుతో కలిసి ప్రతిపాదన పంపాలి, ఎంపికైతే కొద్దిపాటి డబ్బు వస్తుంది. నడిమధ్యలో నిపుణులు వచ్చి పని ఎంతవరకు వచ్చిందో చూస్తారు. బాగున్నవి రాష్ట్రస్థాయి ప్రదర్శనకు వెళ్తాయి. పరిశోధక విద్యార్థులకు, అధ్యాపకులకు ఢిల్లీ స్థాయిలో నిపుణుల కమిటీలుంటాయి. ప్రతిపాదన దశలో ఒకసారి, పని సాగుతుండగా మళ్ళీ, ముగిశాక ఇంకోసారి సమాధానం చెప్పుకోవాలి.

ప్రపంచంలో ఈ పద్ధతిని అన్నిటికంటే బాహాటంగా నడుపుతున్నవాళ్ళు అమెరికా ఇంధన శాఖవాళ్ళని చెప్పాలి. వాళ్ళ పునరుత్పాదక విభాగం 2004లోనే సమీక్ష ఎలా జరగాలో ఒక మార్గదర్శి అచ్చు వేసింది. సమీక్షకులకు ఆ ప్రాజెక్టుతో లాభనష్టాల సంబంధం ఉండకూడదు, కొలమానాలు ముందే ప్రకటించాలి, జరిగినదంతా రాతలో ఉండాలి అన్నవి దాని మూలసూత్రాలు. జీవ ఇంధనాల కార్యాలయం రెండేళ్ళకొకసారి తాను డబ్బిచ్చిన ప్రాజెక్టులను బహిరంగంగా సమీక్షకు పెడుతూ వచ్చింది. 2023 ఏప్రిల్‌లో డెన్వర్‌లో అలా జరిగింది. అక్కడ మార్కులు ప్రధానంగా మూడింటికి: పని చేసిన పద్ధతి, సాధించిన పురోగతి, దాని వల్ల కలిగే ప్రభావం. సమీక్షకుల వ్యాఖ్యలనూ, వాటికి పరిశోధకులిచ్చిన జవాబులనూ కలిపి నివేదికగా ప్రచురించారు. జవాబు కూడా అచ్చులో ఉండడం నాకు ఎంతో నచ్చిన విషయం. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇక బీదరుకు వద్దాం. చివరి సెమిస్టరు ప్రాజెక్టు అంటే కొలతలు ఎక్కువగా ఫిబ్రవరికీ మే నెలకూ మధ్య జరుగుతాయి. ఎండ బలంగా ఉండే కాలం, వానలు లేని కాలం, రాత్రులు కూడా వెచ్చగా ఉండే కాలం. సోలారుకైనా గోబర్ గ్యాసుకైనా ఏడాది మొత్తంలో ఇంతకంటే అనుకూలమైన నెలలు దొరకవు. ఆ నెలల లెక్కను ఏడాదంతటికీ సాగదీయడమే మన ప్రజెంటేషన్లలో ఎక్కువగా కనిపించే తప్పు. ఒక కిలోవాటు ప్యానెళ్ళు ఏప్రిల్‌లో రోజుకు 5 యూనిట్లు ఇచ్చాయనుకుందాం. దాన్ని 365తో గుణిస్తే 1,825 యూనిట్లు వస్తాయి. దక్కను పీఠభూమిలో ఒక కిలోవాటుకు ఏడాదికి వచ్చేది సుమారు 1,500 యూనిట్లు. జూలై, ఆగస్టు మబ్బులు ఆ 1,825లో లేవు. సమీక్షకుడు ఈ రంగంలోవాడైతే ఆ అంకె తెర మీద పడగానే కలం కింద పెట్టేస్తాడు, తర్వాత ఎంత మంచి పని చూపినా నమ్మకం తిరిగి రాదు.

వేసవి అనుకూలమన్నది కూడా సగమే నిజం. ప్యానెల్ వెనక రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత దగ్గర, చదరపు మీటరుకు 1,000 వాట్ల ఎండలో కొలిచినవి. బీదరు మే నెల మిట్టమధ్యాహ్నం గాలి 40 డిగ్రీలుంటే ప్యానెల్ లోపలి సెల్ ఎంత వేడెక్కుతుంది? సాధారణ ప్యానెల్‌కు కంపెనీ ఇచ్చే 45 డిగ్రీల నామినల్ ఉష్ణోగ్రత తీసుకుని లెక్క కడితే 71 డిగ్రీల దాకా వస్తుంది. ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గుతుందనుకుంటే 46 డిగ్రీల తేడాకు పదహారు శాతం పోయినట్టే. ఈ చిన్న గుణకారం ఒక స్లైడులో ఉంటే చాలు, విద్యార్థి తన ఊరి ఎండను అర్థం చేసుకున్నాడని తెలిసిపోతుంది. ప్యానెళ్ళను చల్లబరిచే ప్రాజెక్టులకు ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే బీదరులో చల్లబరచడం వల్ల కలిగే లాభం డిసెంబరులో చాలా తగ్గిపోతుంది, వేసవిలో కనబడిన లాభం ఏడాది సగటు కాదు.

గోబర్ గ్యాసు సంగతి ఇంకా స్పష్టంగా చెప్పొచ్చు. శీతాకాలంలో కర్ణాటక మొత్తం మీద అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్ళలో బీదరు ఒకటి, పది డిగ్రీలలోపుకు దిగే రాత్రులుంటాయి. గ్యాసును పుట్టించే సూక్ష్మజీవులకు 35 డిగ్రీల చుట్టుపక్కల హాయి, 20 కిందికి పోయేకొద్దీ వాటి పని బాగా మందగిస్తుంది. అందుకే మన దేశంలో గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టేటప్పుడు పేడ లోపల ఉండాల్సిన కాలాన్ని వెచ్చని ప్రాంతాలకు 30 రోజులు, నడిమి వాటికి 40, చలి ప్రాంతాలకు 55గా లెక్కిస్తారు. కాలేజీ డాబా మీద ప్లాస్టిక్ డ్రమ్ములో ఏప్రిల్‌లో చేసిన ప్రయోగం రైతు ఇంటి వెనక భూమిలో కట్టిన దీనబంధు ప్లాంటుకు అలాగే వర్తించదు. డ్రమ్ము పగలు కాగి రాత్రి చల్లారుతుంది, భూమిలో ఉన్నది నింపాదిగా మారుతుంది. ఒక ఘనపు మీటరు గ్యాసుకు దాదాపు 25 కిలోల పేడ కావాలన్న లెక్క పుస్తకాల్లో ఉంటుంది. ఈ ప్రాంతపు దేవని పశువుల పేడతో అది ఎంత వచ్చింది, ఆ రోజుల్లో డ్రమ్ము లోపలి ఉష్ణోగ్రత ఎంత అన్న రెండు వరుసలు పక్కపక్కన పెడితే సమీక్షకుడికి కొత్త సమాచారం దొరుకుతుంది. ఆ రెండో వరుస లేకపోతే మొదటిదానికి విలువ లేదు.

రుతువు తర్వాత వచ్చేది కొలత కచ్చితత్వం. ప్యానెల్ మీద దుమ్ము పట్టని పూత పూశాం, ఉత్పత్తి 3 శాతం పెరిగింది అని చూపిస్తారు. ఎండను దేనితో కొలిచారని అడిగితే సెల్‌ఫోన్ లక్స్ యాప్ అంటారు. లక్స్ మన కంటికి కనిపించే వెలుతురును కొలుస్తుంది, ప్యానెల్ తీసుకునే శక్తిని కొలవాలంటే పైరనోమీటరు గానీ, సరిచూసిన చిన్న సిలికాన్ సెల్ గానీ కావాలి. కొలిచే సాధనానికే ఐదు శాతం తేడా ఉన్నప్పుడు మూడు శాతం లాభం అసలు లాభమో కాదో తెలియదు. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు ప్యానెళ్ళ మధ్యే రెండు మూడు శాతం తేడా ఉండొచ్చు. ఖరీదు లేని మందు ఒకటుంది. పూత పూయకముందు రెండు ప్యానెళ్ళనూ పక్కపక్కన పెట్టి కొన్ని రోజులు కొలవాలి, తర్వాత ఒకదానికే పూత పూసి కొలవాలి, ఆ తర్వాత వాటి చోట్లు మార్చి మళ్ళీ కొలవాలి. ఈ మూడు దశల పట్టిక ఉన్న ప్రజెంటేషన్‌ను పక్కన పెట్టే సమీక్షకుడు ఉండడు, లాభం సున్నా అని తేలినా సరే. పూత పనిచేయలేదని నమ్మకంగా చెప్పగలగడం కూడా ఒక ఫలితమే.

పూతల మాట వచ్చింది కాబట్టి నీటి సంగతి. బీదరు లాటరైట్ పీఠభూమి మీద ఉన్న ఊరు. నీటి కోసం బహమనీల కాలంలోనే అక్కడ నేల కింద కరేజ్ సొరంగాలు తవ్వారు, నౌబాదు దగ్గర అది ఇప్పటికీ చూడొచ్చు. 2,500 మెగావాట్ల ప్యానెళ్ళంటే చదరపు మీటరుకు 200 వాట్ల చొప్పున కోటీ ఇరవై ఐదు లక్షల చదరపు మీటర్ల అద్దం. ఒక్కసారి కడగడానికి చదరపు మీటరుకు ఒక్క లీటరే పోసినా కోటీ ఇరవై ఐదు లక్షల లీటర్లు కావాలి. నీళ్ళు లేకుండా తుడిచే పద్ధతి మీద పనిచేసే విద్యార్థికి ఇంతకంటే మంచి మొదటి స్లైడు ఏముంటుంది? కానీ చాలామంది మొదటి స్లైడులో ప్రపంచ ఉష్ణోగ్రతల గ్రాఫు, ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ పెడతారు. ఆ సంగతి సమీక్షకులకు ముందే తెలుసు. వాళ్ళకు తెలియాల్సింది బీదరు సంగతి.

వ్యర్థాల నుంచి ఇంధనం అనే ప్రాజెక్టులు ఈ జిల్లాలో మరీ ఎక్కువ. కంది, సోయా, చెరకు పండే నేల, సహకార చక్కెర కర్మాగారాలున్న నేల. ఇక్కడ నిపుణులు మొదట పట్టుకునేది వ్యర్థం అన్న ఆ మాటనే. కంది కట్టె వ్యర్థమా? బీదరు పల్లెలోనూ, పక్కనే నారాయణఖేడ్ పల్లెలోనూ అది పొయ్యిలోకి వెళ్తుంది, దడిగా నిలబడుతుంది, పాకకు కప్పు అవుతుంది. దాన్ని కొని దిమ్మెలు చేస్తామంటే ఆ ఇంటి ఆడవాళ్ళు పొయ్యి దేనితో వెలిగించుకోవాలన్న ప్రశ్నకు ప్రజెంటేషన్‌లో జవాబు ఉండాలి. చెరకు పిప్పి మీద చక్కెర మిల్లు తన బాయిలరునే నడుపుకుంటుంది, మిగులు ఎంత అన్నది మిల్లును అడిగి తెలుసుకోవాల్సిన అంకె. ఇంకో పొరపాటు వేడి విలువల దగ్గర జరుగుతుంది. మిల్లు నుంచి అప్పుడే వచ్చిన పిప్పిలో దాదాపు సగం నీరే. ప్రయోగశాలలో ఎండబెట్టి కొలిచిన విలువను తడి బరువుతో గుణిస్తే లెక్క రెట్టింపవుతుంది. ఎండిన బరువు మీదా, వచ్చిన బరువు మీదా అన్నది పట్టిక తలమీద రాయడానికి పట్టే చోటు రెండు మాటలే.

ఈ ప్రశ్నలు అడగనప్పుడు ఏమవుతుందో మన దేశం అడవి ఆముదం, అంటే జట్రోఫా, విషయంలో చూసింది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ బీడు భూముల్లో జట్రోఫా పెంచి డీజిలులో కలపమంది. 2009 జాతీయ జీవ ఇంధన విధానం 2017కల్లా 20 శాతం కలపాలని లక్ష్యం పెట్టింది. ఆ గడువు వచ్చేసరికి డీజిలులో కలిసింది ఒక శాతం కూడా లేదు. ఎకరానికి ఎంత గింజ వస్తుందన్న అంచనాలు నీరూ ఎరువూ ఉన్న చోట్ల నుంచి వచ్చాయి, నాటింది నీరు లేని చోట్ల. మేలైన రకాలు తేలకముందే మొక్కలు ఊళ్ళకు వెళ్ళిపోయాయి. నాకు ఇందులో అన్నిటికంటే బాధ కలిగించేది, ఎన్ని చెట్లు, ఎన్నేళ్ళ చెట్లు, ఎంత వాన పడిన చోట కొలిచారన్న ఒక్క ప్రశ్నకు గట్టి జవాబు రాబట్టి ఉంటే చాలామంది రైతులు ఆ మొక్కలు నాటేవాళ్ళే కారన్నది.

అదే కాలంలో మన అప్పటి ఆదిలాబాదు జిల్లా పవర్‌గూడలో ఇంకోలా జరిగింది. కానుగ చెట్లు పెంచిన ఆదివాసీ మహిళా సంఘం 2003లో 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు అమ్మి 645 డాలర్లు అందుకుంది. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వాళ్ళ వెంట ఉన్నారు. డబ్బు చిన్నదే. నేను ఇక్కడ చూసేది అంకె కట్టిన తీరు. ఇన్ని చెట్లు, పదేళ్ళలో వాటి నూనె ఇంత, అది ఇంత డీజిలును తప్పిస్తుంది, కాబట్టి ఇన్ని టన్నులు అని మెట్టు మెట్టుగా ఉంటుంది. ఏ మెట్టునైనా బయటివాడు తట్టి చూడొచ్చు. విద్యార్థుల స్లైడ్లలో కార్బన్ లెక్క మాత్రం తరచూ ఏదో విదేశీ గుణకంతో ఊడిపడుతుంది. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల వాయువు అని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా లెక్క ఇస్తుంది. దాన్ని వాడితే చాలు.

స్లైడ్ల గురించి చెప్పాల్సింది ఎక్కువ లేదు. పది నిమిషాలిస్తే ఎనిమిది నిమిషాలకు తయారు కావాలి. అమెరికా జీవ ఇంధన సమీక్షల్లో ప్రాజెక్టు మొత్తాన్ని నాలుగు గడుల్లో చూపే ఒక పేజీ తప్పనిసరిగా ఉండేది. కాలం, ఖర్చు, లక్ష్యం, భాగస్వాములు అందులో ఇమిడిపోతాయి. మనవాళ్ళూ అలవాటు చేసుకోవచ్చు. సాంకేతికత ఎంత పండిందో చెప్పే ఒకటి నుంచి తొమ్మిది దాకా మెట్ల కొలబద్ద నాసాలో పుట్టింది. కాలేజీ డాబా మీద పనిచేసిన నమూనా అందులో నాలుగో మెట్టు, మహా అయితే ఐదు. ఏడు అని రాసుకుంటే మొదటి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది.

భాష గురించి మాత్రం చెప్పాలి. బీదరు పిల్లల ఇళ్ళలో కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు మాట్లాడతారు, ప్రజెంటేషన్ ఇంగ్లిషులో. కంఠస్థం చేసిన ఇంగ్లిషు వాక్యం మొదటి ప్రశ్నకే చెదిరిపోతుంది, విషయం తెలిసిన పిల్ల కూడా తెలియనిదానిలా నిలబడిపోతుంది. ముందు ఇంటి భాషలో, పేడ ఇచ్చిన రైతుకో, ప్యానెళ్ళు బిగించిన ఎలక్ట్రీషియన్‌కో తన పని మొత్తం చెప్పి చూడాలి. రైతు అడిగే ప్రశ్నలు, ముఖ్యంగా స్లర్రీ ఎటు పోతుంది, వానాకాలం ఎలా, పాడైతే ఎవరు బాగుచేస్తారు అన్నవి, సమీక్షకులు అడిగేవాటికి చాలా దగ్గరగా ఉంటాయి. తెలియని ప్రశ్నకు మేం అది కొలవలేదు అని చెప్పడం తప్పు కాదు. నిపుణులు ఆ మాటకు మార్కులు తీయరు, కొలవకుండా కొలిచామంటేనే తీస్తారు.

పెద్ద ప్రాజెక్టుల మీద పరిశోధన చేసేవాళ్ళకు ఇంకో ప్రశ్న ఎదురవుతుంది, భూమి గురించి. మెగావాటుకు నాలుగైదు ఎకరాలనుకున్నా 2,500 మెగావాట్లకు పది వేల ఎకరాలకు పైన కావాలి. తుమకూరు జిల్లా పావగడలో 2,050 మెగావాట్ల పార్కుకు ప్రభుత్వం భూమి కొనకుండా ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో మొదలుపెట్టి తీసుకుంది. పట్టా ఉన్న రైతుకు ఆ కౌలు చేరింది, అదే పొలంలో కూలికి వెళ్ళే మనిషికి చేరేది ఏమీ లేదు. ప్రభావం అన్న శీర్షిక కింద యూనిట్లు, టన్నులు మాత్రమే రాసి ఈ మనిషిని వదిలేసిన పత్రం అసంపూర్ణమని నేను అంటాను. ఇంజనీరింగ్ సమీక్షలో ఇది మా పరిధి కాదనే సమాధానం ఇకముందు చెల్లకూడదు.

ఇప్పుడు అచ్చయిన జవాబుల దగ్గరికి. మన దగ్గర సమీక్షకుల మాటలు ఫైల్లోకి వెళ్తాయి, ఫైలు బీరువాలోకి వెళ్తుంది, తర్వాతి ఏడాది ఇంకో జట్టు అదే గోబర్ గ్యాస్ డ్రమ్మును అదే ఏప్రిల్‌లో మళ్ళీ మొదలుపెడుతుంది. వ్యాఖ్య, దానికి జట్టు ఇచ్చిన జవాబు రెండూ ఒక పేజీగా కాలేజీ గ్రంథాలయంలో అందరికీ దొరికితే కొత్త జట్టు అక్కడి నుంచి అందుకోగలదు. ఏప్రిల్‌లో కట్టిన ప్లాంటును జూన్‌లో విప్పేయకుండా జూనియర్లకు అప్పగించవచ్చు. ఉష్ణోగ్రత రాసుకునే చిన్న లాగర్ ఒకటి, గ్యాస్ మీటర్ ఒకటి ఉంటే వాళ్ళు జూలై వానల్లో, డిసెంబరు చలిలో చదివిన అంకెలు పాత పట్టికలో చేరతాయి. బీదరులో, జహీరాబాదులో, అదే ముంబై రోడ్డు మీద సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాదులో ఒకే రకం డ్రమ్ములు పెట్టి ఒకే రోజుల్లో కొలిచే జట్లు చేయి కలిపితే రెండేళ్ళలో ఈ దక్కను గడ్డకు సొంత గోబర్ గ్యాస్ పట్టిక తయారవుతుంది. అందుకు కావాల్సిన ఖర్చు ఒక ప్రాజెక్టుకు మంజూరయ్యే సాయాన్ని పెద్దగా మించదు. అడగాల్సింది గైడ్లు. ఈ ఏడాది ప్రతిపాదనల్లోనే, పాత జట్టు వదిలిన కొలతలను ముందుకు తీసుకెళ్తామని ఒక వాక్యం చేర్చి పంపొచ్చు.